నాలుగు డబ్బాల సినిమా, ఒక సీసా ఆపిల్ ఆవకాయ

ముగ్గురు మనుషులు, నాలుగు రాష్ట్రాలు, మధ్యలో ఎడారి. అమెరికా మొత్తం మీద ఒక్కటే మిగిలిన కళాఖండాన్ని ఎండ నుంచి, దుమ్ము నుంచి, కాలం నుంచి కాపాడుకుంటూ పసిఫిక్ సముద్రం దాకా సాగిన మహాయాత్ర. ఈ వ్యాసం ఇలా మొదలుపెట్టాలని ప్లేనోలో కారెక్కినప్పుడే నిశ్చయించుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కార్లో ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది. దారి పొడుగునా టాయిలెట్లున్నాయి. ఒక్క టైరు కూడా పంక్చర్ కాలేదు. ప్రాణాపాయం ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ మాకు కాదు, సినిమాకి. కాబట్టి మహాయాత్ర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఎనభై ఎనిమిది వేసవిలో ఒక ఐస్‌పెట్టెను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చిన కథ.

ప్లేనో

ఐస్‌పెట్టె దేవదానం అంకుల్‌ది. ఆయన టెక్సస్‌లోని ప్లేనోలో ఒక ఆఫీసులో అకౌంటెంటు, ఆదివారాలు తెలుగు చర్చిలో పెద్ద. నేను ఆ పక్క ఊళ్ళో యూనివర్సిటీ విద్యార్థిని. ఆయనింట్లో వారానికి రెండుసార్లు భోంచేసే అలవాటున్నవాణ్ణి.

వీడియోలు రాకముందు అమెరికాలో తెలుగు సినిమా అంటే ఒక పండగ. ఎక్కడి నుంచో ఫిల్ము డబ్బాల్లో వచ్చేది. కాలేజీ హాలు అద్దెకు తీసుకుని, తెర కట్టి, చుట్టుపక్కల వంద మైళ్ళ దూరం నుంచి జనం పట్టుచీరల్లో వచ్చి చూసేవాళ్ళు. టిక్కెట్లు చింపేది దేవదానం అంకుల్. ఇంటర్వెల్‌కి టీ, బజ్జీలు చూసుకునేది ఆయన భార్య సలోమి ఆంటీ. ఇప్పుడు ఇంటింటికీ వీసీఆర్ వచ్చింది. పచారీ కొట్లో బియ్యం బస్తా పక్కనే క్యాసెట్లు అద్దెకిస్తున్నారు. హాళ్ళు ఖాళీ. డబ్బాలు పంపే పెద్దమనిషి వ్యాపారం ఎత్తేస్తూ పాత ప్రింట్లన్నీ పారేయబోతుంటే, అంకుల్ ఒక సినిమా అడిగి తెచ్చుకున్నారు. నాలుగు డబ్బాలు. అరవైలలో తీసిన నలుపు తెలుపు బొమ్మ. పేరు రాయడం లేదు. హక్కుల కాగితం మీద మద్రాసులో ఒకాయన సంతకం ఇంకా ఎండలేదు.

ఆ ఒక్క సినిమానే ఎందుకంటే, అందులో సలోమి ఆంటీ గొంతుంది. పెళ్ళికి ముందు మద్రాసులో చర్చి కోరస్‌లో పాడుతున్న అమ్మాయిల్ని ఎవరో ఒక మధ్యాహ్నం స్టూడియోకి తీసుకెళ్ళారట. ఇంటర్వెల్‌కి ముందొచ్చే పాటలో వెనకాల ఎనిమిది గొంతులు వినిపిస్తాయి. అందులో ఒకటి ఆవిడది. వాళ్ళ నాన్న పాస్టరు. కూతురు సినిమాలో పాడిందన్న సంగతి ఆయనకు తెలియకూడదు కాబట్టి ఆవిడ హాలుకి వెళ్ళి చూడలేదు. అమెరికా వచ్చాక ఆరు ఊళ్ళలో ఆ సినిమా ఆడించారు. ఆరుసార్లూ ఆవిడ వినలేదు.

"ఎందుకు వినలేదాంటీ?" అని అడిగాను.

"పాట ఎప్పుడొస్తుంది నాన్నా? ఇంటర్వెల్‌కి ముందు. అప్పుడు నేనెక్కడుంటాను? వంటింట్లో. బజ్జీలు వేడిగా లేకపోతే జనం ఊరుకుంటారా?"

"నీ కోసమే కదా ప్రింటు తెచ్చాను సలోమీ," అన్నారు అంకుల్.

"తెచ్చింది నా కోసమే. బజ్జీలు మాత్రం ఊరందరి కోసం."

ఇంతలో కాలిఫోర్నియా నుంచి ఫోనొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో వాల్టర్ అనే ఆయన, దేశదేశాల పాత సినిమాలు వెతికి, శుభ్రం చేసి, డిస్కుల మీద వేసి అమ్ముతాడట. మా యూనివర్సిటీలో సినిమా పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఆయనకు మన ప్రింటు సంగతి చెప్పాడు. పోస్టులో పంపమన్నాడు వాల్టర్. అంకుల్ ఆ మాటకే నొచ్చుకున్నారు. పెళ్ళికూతుర్ని పార్సిల్ చేయమన్నట్టు ఉందన్నారు. కార్లో తీసుకెళ్ళాలని తీర్మానమైంది. నన్ను ఎంచుకోవడానికి నాలో ఉన్న ప్రతిభలు రెండు: డ్రైవింగ్ లైసెన్సు ఉంది, ఆ వేసవికి ఉద్యోగం లేదు.

ఫిల్ముకు ఎండ తగలకూడదని అంకుల్ ఎక్కడో చదివారు. డబ్బాల మూతల చుట్టూ ఆస్పత్రి ప్లాస్టరు రెండు వరసలు చుట్టి, తువ్వాళ్ళలో పెట్టి, పిక్నిక్‌కి వాడే పెద్ద ఐస్‌పెట్టెలో దింపారు. చల్లగా ఉన్న చోటు ఖాళీగా ఉండటం చూసి ఆంటీ ఊరుకోలేదు. రెండు సీసాల ఆవకాయ కూడా అందులోనే దించారు. ఒకటి దారిలో చాండ్లర్ ఊళ్ళో ఉన్న చుట్టాలకి, ఒకటి వాల్టర్‌కి.

ఈ ఆవకాయ గురించి చెప్పాలి. ప్లేనోలో పచ్చిమామిడికాయ దొరకదు. దొరికినా దానికి పులుపుండదు. అందుకని ఇక్కడి మన ఆడవాళ్ళు ఆకుపచ్చగా గట్టిగా ఉండే పుల్ల ఆపిల్ కాయల్తో ఆవకాయ పెడతారు. ఆ పులుపు కూడా చాలక తెల్ల వెనిగర్ పోస్తారు. మొదటి ముద్దకి మోసం అనిపిస్తుంది. మూడో ముద్దకి అలవాటైపోతుంది.

పడమటి టెక్సస్

టెక్సస్ దాటడమే ఒక దేశం దాటినట్టు. పొద్దున్న బయల్దేరాం, సాయంత్రం అయింది, ఇంకా టెక్సస్‌లోనే ఉన్నాం. చూడటానికేముందంటే, ఆకాశం ఉంది. కింద అక్కడక్కడ నూనె బావుల మీద ఇనుప గుర్రాలు తలలూపుతూ ఉన్నాయి. అంతే.

భోజనానికి ఆగిన చోటల్లా అంకుల్ ఐస్‌పెట్టెను వెంట తెచ్చారు. కారు ఆపితే లోపల పొయ్యిలా అయిపోతుందని భయం. రోడ్డు పక్క ఒక హోటల్లో, నెరిసిన జుట్టు కొప్పు పెట్టుకున్న వడ్డించే ఆవిడ, బయటి తిండి లోపలికి తేకూడదంది. తిండి కాదు సినిమా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం సినిమా?"

"తెలుగు సినిమా. ఇండియాది."

"గుర్రాలున్నాయా అందులో?"

"ఒక జట్కా ఉంది."

కాసేపు ఆలోచించి, అయితే పర్లేదంది.

సరిగ్గా అప్పుడే సలోమి ఆంటీ పెట్టె తెరిచి ఆవకాయ సీసా బల్ల మీద పెట్టారు. ఇక్కడి అట్లు దిబ్బరొట్టెకి చెల్లెళ్ళలా ఉంటాయి. వాటి మీద తీపిపాకం పోసుకుని తింటారు. ఆంటీ పాకం గిన్నె పక్కకు తోసి, ఆవకాయ నంజుకుని, "పిండి పులియబెడితే బాగుండేది," అని తీర్పిచ్చారు. వడ్డించే ఆవిడ సీసా వైపు, నా వైపు చూసింది. నేను అబద్ధం ఆడానని కోప్పడలేదు, అంత ఎర్రటిది తింటున్నామని జాలిపడ్డట్టుంది. కాఫీకి డబ్బులు తీసుకోలేదు.

చాండ్లర్

మర్నాడు సాయంత్రానికి అరిజోనాలో చాండ్లర్ చేరాం. ఈ ఊళ్ళో గడ్డికి బదులు రాళ్ళు పరిచి, మధ్యలో ఒక బ్రహ్మజెముడు నాటి, దాన్ని తోట అంటారు. అంకుల్ దూరపు తమ్ముడు రఘు ఇంట్లో దిగాం. ఆయన కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. నఖశిఖపర్యంతం తెల్లటి ముసుగేసుకుని పని చేస్తాడు. ఒక్క దుమ్ము రేణువు పడినా సరుకంతా పాడవుతుందట. అంత శుభ్రం అలవాటైన మనిషి ఇంట్లో సాక్సు సోఫా మీద ఉన్నాయి.

మేం వచ్చిన పని విని రఘు నవ్వాడు. "అన్నయ్యా, ఆ సినిమా మా ఇంట్లోనే ఉంది. క్యాసెట్ కాపీ చేసి ఇస్తా, తీసుకెళ్ళు. ఇంత దూరం డ్రైవ్ చేయడం దేనికి?"

"క్యాసెట్ వేరు, ఇది వేరు," అన్నారు అంకుల్.

"ఏం వేరు? స్టోరీ అదే కదా. అయినా డిస్కులూ గిస్కులూ ఎన్నాళ్ళుంటాయి? కొన్నేళ్ళు పోనీ, సినిమా మొత్తం గోరంత చిప్పులో పెట్టేస్తాం. అప్పుడు నీ పళ్ళేల్లాంటి డిస్కులు ఎవడు కొంటాడు?"

"ఆ చిప్పులో పెట్టడానికి ముందు సినిమా ఎక్కడో ఒకచోట బతికుండాలి కదోయ్."

రఘు లేచి క్యాసెట్ పెట్టాడు. ఎవరో దుబాయిలో కాపీ చేస్తే, దాన్ని లండన్‌లో కాపీ చేస్తే, దాన్ని న్యూజెర్సీలో కాపీ చేసిన క్యాసెట్ అది. హీరోయిన్ ముఖం వానలో తడిసిన సున్నం గోడలా ఉంది. తెర అడుగున చీరల కొట్టు ప్రకటన ఎడతెగకుండా పరిగెడుతోంది. హీరో తల్లి చనిపోయినప్పుడు సరిగ్గా ఆవిడ పాదాల మీదుగా పెళ్ళి పట్టుచీరలపై భారీ తగ్గింపు వెళ్ళిపోయింది. రఘు కూతురు ఇక్కడే పుట్టిన పిల్ల. కాసేపు శ్రద్ధగా చూసి, "ఆంటీ, దీనికి కలర్ ఎవరు తీసేశారు?" అని అడిగింది.

సలోమి ఆంటీ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. వంటింట్లో ఎవరు పిలిచినా కదల్లేదు. ఇంటర్వెల్ దగ్గరపడింది. హీరోయిన్ వీణ ముందు కూర్చుంది, చేయి ఎత్తింది. మరుక్షణం హీరో రైలు దిగుతున్నాడు.

"పాటేదీ?" అన్నారు ఆంటీ.

"పాటలు కొన్ని తీసేస్తారు వదినా. మూడు గంటల క్యాసెట్‌లో పట్టాలి కదా, యాడ్స్ కూడా ఉంటాయి," అన్నాడు రఘు.

ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్ళారు. అంకుల్ నా వైపు చూసి ఐస్‌పెట్టె మీద చెయ్యి వేశారు. ఇప్పుడా పాట ఉన్నది ఆ పెట్టెలోనే, రెండో డబ్బాలో.

కాలిఫోర్నియా గుమ్మం

కాలిఫోర్నియాలోకి అడుగుపెట్టే చోట ఒక గేటు ఉంటుంది. తుపాకులున్నాయా అని అడగరు. పళ్ళున్నాయా అని అడుగుతారు. బయటి పళ్ళతో పురుగులొస్తే వాళ్ళ తోటలు పాడవుతాయట.

"పళ్ళేమైనా ఉన్నాయా?" అన్నాడు అక్కడి మనిషి.

"లేవు," అన్నాను.

"ఉన్నాయి," అన్నారు వెనక సీట్లోంచి సలోమి ఆంటీ. "ఆపిల్."

"ఆంటీ, అది పచ్చడి."

"ఆపిలే కదా నాన్నా. చర్చి పెద్దగారి కార్లో కూర్చుని అబద్ధం చెప్పమంటావా?"

పెట్టె కిందికి దించాం. మిగిలిన ఆవకాయ సీసా తెరిపించి, ఆయన వంగి ఒకసారి వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. పురుగన్నది ఇందులో బతకదని చెప్పి వెళ్ళమన్నాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. పెట్టె తెరిచి ఉన్నంతసేపూ ఫిల్ముకి ఎండ తగులుతోందని అంకుల్ ప్రాణం గిలగిల్లాడింది. గబగబా సీసాకి మూత తిప్పి, డబ్బాల మీద పెట్టి, పెట్టె మూసేశారు.

గ్యారేజీ

వాల్టర్ కంపెనీ అంటే అద్దాల మేడ అనుకున్నాను. తీరా చూస్తే ఒక పెంకుటిల్లు, ముందు నిమ్మచెట్టు, పక్కన గ్యారేజీ. ఆ గ్యారేజీయే కంపెనీ. కార్లు ఉండాల్సిన చోట నేల నుంచి కప్పు దాకా ఫిల్ము డబ్బాలున్నాయి. వాల్టర్ పొడుగ్గా, వంగి, పెన్సిలు చెవి మీద పెట్టుకున్న వడ్రంగిలా ఉన్నాడు. డిస్కొకటి తీసి చూపించాడు. భోజనం పళ్ళెమంత ఉంది, అద్దంలా మెరుస్తోంది. ఆంటీ అందులో చూసి పైట సర్దుకున్నారు.

ఎవరు కొంటారివి అని అడిగాను. ఒక్కో సినిమా యాభై డాలర్లట. మా ఊరి పచారీ కొట్లో ఒక డాలరిస్తే రాత్రికి క్యాసెట్ అద్దెకిస్తారు.

"చాలా తక్కువమంది," అన్నాడు వాల్టర్ ఏ బాధా లేకుండా. "పెద్ద కంపెనీలకు చాలా తక్కువమందితో పని లేదు. అందుకే ఈ పని గ్యారేజీలకు మిగిలింది. పుస్తకాల్ని అల్మారాలో పెట్టుకున్నట్టు సినిమాల్ని పెట్టుకునే రోజొస్తుంది. రాకపోతే నా భార్య కారు లోపల పెట్టుకుంటుంది."

తర్వాత ఐస్‌పెట్టె తెచ్చి ముందు పెట్టాం. ఫిల్మును ఇంత జాగ్రత్తగా తెచ్చినవాళ్ళని చూడలేదని మెచ్చుకుంటూ మూత ఎత్తాడు. ఎత్తి ఆగిపోయాడు. ముక్కు దగ్గర చేయి పెట్టుకున్నాడు. పెట్టె మూసి, దాన్ని రెండు చేతులా ఎత్తి బయట నిమ్మచెట్టు కింద పెట్టి వచ్చాడు. మమ్మల్నీ బయటికి రమ్మని, గ్యారేజీ తలుపు కిందికి లాగేశాడు.

అప్పుడు చెప్పాడు. ఈ రకం ఫిల్ము పాడవడం మొదలెడితే పుల్లటి వాసన వస్తుందట, వెనిగర్ వాసన. ఒకసారి మొదలైతే ఆగదు. ఫిల్ము కుంచించుకుపోతుంది, పెళుసుబారుతుంది, పక్కనున్న ఫిల్ముకీ ఆ జబ్బు అంటుకుంటుంది. లోపల ఆయనవి రెండొందల సినిమాలున్నాయి. మన డబ్బాలు లోపలికి రానివ్వలేడు. "ఐ యామ్ సో సారీ," అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు.

అంకుల్ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. అంత పెద్దమనిషి అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ ప్రయాణంలో జోకులు నా వంతని ఒప్పందం. నాకొక్కటీ తట్టలేదు.

"ఏమంటున్నాడు నాన్నా?" అన్నారు ఆంటీ. వాల్టర్ ఇంగ్లీషు ఆవిడకు అందలేదు.

"సినిమా పులిసిపోయిందంటున్నాడు."

"పులవడమేంటి? అదేమన్నా అట్లపిండా?"

"వెనిగర్ వాసనొస్తోందట ఆంటీ. వచ్చిందంటే ఫిల్ము పోయినట్టేనట."

ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. తర్వాత చెప్పులు టపటపలాడించుకుంటూ నిమ్మచెట్టు దగ్గరికి నడిచారు. పెట్టె తెరిచారు. మూడు రోజులుగా ఆ కార్లో కూర్చున్న మా ముక్కులకి ఏ వాసనా ప్రత్యేకంగా తెలియడం మానేసింది. ఆవిడ మాత్రం వాసన చూడలేదు. తిన్నగా సీసా బయటికి తీశారు. మూత ఒక పక్కకి ఒరిగి ఉంది. సగం ఊట లేదు.

"ఏమండీ," అన్నారు గట్టు వైపు తిరిగి. "ఈ మూత పెట్టిందెవరు?"

అంకుల్ తలెత్తారు.

"గేటు దగ్గర పెట్టింది మీరేనా? మర ఎక్కకుండానే తిప్పేశారా? పులిసింది మీ సినిమా కాదు, నా ఆవకాయ ఒలికింది."

ఇదంతా వాల్టర్‌కి చెప్పాల్సిన పని నాది. ఆపిల్ కాయలతో పచ్చడి పెడతారని, అందులో ఆవపిండి, కారం, నూనె, పులుపు చాలక వెనిగర్ పోస్తారని, అది ఫిల్ముతో పాటు ఐస్‌పెట్టెలో ప్రయాణం చేసిందని చెప్పాను. ఆయన ఎంతో ఓపిగ్గా విని, "ఎందుకు?" అన్నాడు. ఏ ముక్కకి ఎందుకన్నాడో తెలియలేదు. అన్నిటికీ అయ్యుండొచ్చు.

అయినా గండం పూర్తిగా గడవలేదు. పైన వాసన ఆవకాయదే కావచ్చు, లోపల ఫిల్ముది కూడా కావచ్చు. పైగా సీసా కూర్చున్నది రెండో డబ్బా మీదే. డబ్బాలు నాలుగూ బయటికి తీసి, సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఎవరూ ముట్టుకోకుండా నీడన ఆరబెట్టాం. వాల్టర్ వెళ్ళి చేతులు కడుక్కుని, కాఫీ తాగి వచ్చాడు, ముక్కు తేటపడటానికట. రెండో డబ్బాకి చుట్టిన ప్లాస్టరు ఒక పక్క ఎర్రగా నానింది. పై వరస తీశాడు, ఎరుపు. కింద వరస తీశాడు, తెలుపు. మూత ఎత్తి ముక్కు లోపలికి పెట్టాడు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. నిజానికి మేం పీల్చుకున్నా ఆయన వాసనకి అడ్డం లేదు.

"పాత బీరువా," అన్నాడు. "పాత బీరువా వాసన. అంతే."

తక్కిన మూడూ అంతే. అంకుల్ లేచి నిలబడ్డారు. ప్రార్థన చేస్తారనుకున్నాను. చెమట తుడుచుకుని, "మర సరిగ్గా లేని సీసాలెందుకు కొంటావు సలోమీ," అన్నారు. అప్పుడు తెలిసింది, అంతా సర్దుకుందని.

బల్ల మీద పాట

ఫిల్ము చూడటానికి వాల్టర్ దగ్గర ఒక బల్ల ఉంది. దాని మీద చుట్ట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరుగుతుంటే, మధ్యలో పుస్తకమంత తెర మీద బొమ్మ కనబడుతుంది. రెండో డబ్బాలోని చుట్ట ఎక్కించాడు. ఆంటీకి కుర్చీ వేశాడు. ఆవిడ అలవాటుగా లేచి, టీ ఎవరైనా పెడుతున్నారా అని అడిగారు. అంకుల్ భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

హీరోయిన్ వీణ ముందు కూర్చుంది. చేయి ఎత్తింది. రైలు రాలేదు. పాటొచ్చింది.

ముఖం స్పష్టంగా ఉంది. చెంప మీద చిన్న పుట్టుమచ్చ కూడా ఉంది. క్యాసెట్‌లో అది ఎప్పుడో న్యూజెర్సీలో రాలిపోయింది. రెండో చరణం దగ్గర వెనకాల గొంతులు లేచాయి. సలోమి ఆంటీ వేలు పైకెత్తి, "అదిగో, ఆ పైన పలికేది నేనే," అన్నారు చాలా మెల్లగా. నాకు ఎనిమిది గొంతులూ ఒకేలా వినిపించాయి. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు, మీరూ చెప్పకండి.

పాట అయిపోయింది. వాల్టర్ బల్ల ఆపి ఎదురుచూస్తున్నాడు.

"శ్రుతి కొంచెం తగ్గాను," అన్నారు ఆంటీ.

"తగ్గలేదు. నేను ఆరుసార్లు విన్నాను," అన్నారు అంకుల్.

"మీరేం విన్నారు? తలుపు దగ్గర టిక్కెట్లు చింపుతుంటిరి కదా."

"తలుపు తీసే ఉంటుంది సలోమీ."

ఆవిడ కళ్ళద్దాలు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు, అద్దాల్నే. తర్వాత మళ్ళీ వేయమన్నారు. వాల్టర్ వేశాడు. మూడోసారి అడక్కుండానే వేశాడు. ఆ తర్వాత సీసాలో మిగిలిన ఆవకాయ ఆయనకిచ్చాం. బిస్కట్టు మీద రాసుకుని తిన్నాడు, నీళ్ళు తాగాడు, ఇంకో బిస్కట్టు తీసుకున్నాడు.

తిరుగుదారి

ఖాళీ ఐస్‌పెట్టెతో వెనక్కి వచ్చాం. ఈసారి గేటు లేదు. కాలిఫోర్నియా నుంచి బయటికి ఏం తీసుకెళ్ళినా ఎవరికీ పట్టదు. చాండ్లర్‌లో రఘు, "దొరికిందా వదినా పాట?" అని అడిగాడు. దొరికిందన్నారు ఆంటీ. చిప్పు వచ్చాక అందులో కూడా పెట్టించమన్నారు. దారి పొడుగునా ఆవిడ వెనక సీట్లో ఆ చరణం కూనిరాగం తీస్తూనే ఉన్నారు. అంకుల్ విననట్టు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు.

డిస్కు వచ్చే ఏడాదికి రావచ్చని వాల్టర్ అన్నాడు. డిస్కు ఒక వైపు బొమ్మ ఎక్కడ విరవాలని ఆయన అడిగితే, పాట అయ్యాకే విరవమని అంకుల్ గట్టిగా చెప్పి వచ్చారు. వచ్చాక కొనుక్కోదలచిన పాఠకులకు ఒక గమనిక: డిస్కు ఒక్కో వైపు గంటకు మించి ఆడదు. అయిపోయాక లేచి, మనమే తిరగేసుకోవాలి.